అమ్మ పెళ్ళి ఫోటోలో ఎవరెవరున్నారు

అమ్మ సంవత్సరీకాలు అయిపోయినాక గుడివాడ ఇల్లు ఇంక అద్దెకిచ్చేద్దాం అనుకున్నాం. తమ్ముడు అటకెక్కి ఒక్కొక్కటే కిందకి అందిస్తున్నాడు, ఇత్తడి గంగాళం, చిరిగిపోయిన దోమతెర, నాన్న పాత గొడుగు, విరిగిన ఉయ్యాల బల్ల, చివరికి ఆకుపచ్చ ట్రంకు పెట్టె. మూత తియ్యగానే కలరా ఉండల వాసన గుప్పుమంది. అమ్మ పట్టుచీర మడత విప్పినప్పుడల్లా వచ్చే వాసన అది. చెల్లి అక్కడే కూలబడి ఏడ్చేసింది. పైన నాన్న సర్టిఫికెట్లు, దానికింద మా బారసాలల్లో పెట్టిన పాత వెండి గిన్నెలు చుట్టిన గుడ్డ, అన్నిటికన్నా అడుగున ఒక పెద్ద బిస్కెట్ల డబ్బా. డబ్బా నిండా ఫోటోలు.

ఆ పూట సర్దుడు కార్యక్రమం ఆగిపోయింది. ముగ్గురం నేల మీద చాప వేసుకుని కూర్చున్నాం, మధ్యాహ్నం అన్నాలు కూడా నాలుగింటికి తిన్నాం.

చాలావరకు చిన్న చిన్న చతురస్రాలు, అరచేతిలో సగం ఉంటాయేమో, చుట్టూ తెల్ల అంచు. అవన్నీ నాన్న తీసినవి. నాన్నకి సొంత కెమెరా లేదు, స్కూల్లో డ్రాయింగు మాస్టారి దగ్గర ఆగ్ఫా క్లిక్ త్రీ ఉండేది, అది బరోడాలో తయారయ్యేది, అప్పట్లో మధ్యతరగతి వాళ్ళ చేతుల్లో ఎక్కువ కనపడింది అదే. పండగలకి ఆయన్ని అడిగి తెచ్చేవాడు. రోలు మాత్రం మనమే కొనుక్కోవాలి. ఒక రోలుకి 12 ఫోటోలు, అంతే. ఊటీలో హిందుస్తాన్ ఫోటో ఫిల్మ్స్ అని గవర్నమెంటు ఫ్యాక్టరీ ఉండేది కదా, వాళ్ళ 'ఇందు' రోలు కాస్త చవగ్గా దొరికేది, మా ఇంట్లో అదే. భోగి రోజున ఎక్కించిన రోలు వేసవి సెలవుల్లో గానీ అయ్యేది కాదు. అందుకని ఒకే నెగెటివ్ చుట్టలో భోగి మంట, తమ్ముడు మూడు చక్రాల సైకిల్ మీద, గుమ్మం ముందు అమ్మమ్మ ఒడియాలు పెడుతూ, మేడ మీద ఆరేసిన మిరపకాయలు పక్కన నేను, అన్నీ వరసగా ఉంటాయి. మా ఇంట్లో అర్ధ సంవత్సరం మొత్తం ఆ చుట్టలో ఉందన్నమాట.

నాన్న ఫోటో తియ్యాలంటే ముందు సూర్యుణ్ణి చూసేవాడు. కెమెరా మీద ఎండ గుర్తు ఒకటి, మబ్బు గుర్తు ఒకటి ఉండేవి, ఏది పెట్టాలా అని మొహం పైకెత్తి కళ్ళు చికిలించి చూసి, తర్వాత మమ్మల్ని ఎండకి ఎదురుగా నిలబెట్టేవాడు. మా చిన్నప్పటి ఫోటోల్లో పిల్లలందరూ కళ్ళు చిట్లించుకుని ఉండేది అందుకే. మీ ఇంట్లో కూడా అలాంటివే ఉండుంటాయి, ఒకసారి చూసుకోండి. క్లిక్ మనేది చాలా చిన్న చప్పుడు, పక్కన కాకి అరిచినా వినపడేది కాదు, ఆ తర్వాత పక్కనున్న చక్రం తిప్పుతుంటే వెనక చిన్న ఎర్ర కిటికీలో నెంబరు వచ్చేది, ఆ నెంబరు చూసే హక్కు వంతులవారీగా మాకు ఉండేది. ఈసారి నా వంతు, కాదు నా వంతు అని తమ్ముడూ నేనూ కొట్టుకునేవాళ్ళం.

రోలు కడగడానికి స్టూడియోలో ఇస్తే వారం పట్టేది. నాన్న సాయంత్రం సైకిల్ దిగి చొక్కా జేబులోంచి కవరు తీసేదాకా ఎదురుచూసేవాళ్ళం. చేతులు కడుక్కుని రండి అనేది అమ్మ. నిజంగానే కడుక్కుని, తుడుచుకుని, అప్పుడు పట్టుకునేవాళ్ళం, అది కూడా అంచులు మాత్రమే.

ఇంకొన్ని స్టూడియోలో తీయించినవి. అందులో నా పూలజడ ఫోటో ఉంది.

మల్లెపూల కాలంలో ఆడపిల్లలున్న ప్రతి ఇంట్లోనూ జరిగే తంతే ఇది, అయినా చెప్పకుండా ఉండలేను. పొద్దున్నే తలంటు. మొగ్గలు విచ్చుకోకముందే కుట్టాలని అమ్మా, పక్కింటి అత్తయ్యగారూ మధ్యాహ్నం భోజనాలవ్వగానే నన్ను పీట మీద కూర్చోబెట్టి మొదలుపెట్టేవాళ్ళు. సూదీ దారంతో మొగ్గ మొగ్గా జడకి కుట్టుకుంటూ వస్తే కింద జడకుప్పెల దాకా వచ్చేసరికి మూడు గంటలు దాటేది. మెడ కదపకూడదు. సూది మెడకి తగిలి అమ్మా అంటే, "అందానికి ఆ మాత్రం ఓర్చుకోవాలమ్మా" అనేవారు అత్తయ్యగారు. తల మీద తడి మొగ్గల బరువు, వీపు మీద చల్లగా తగులుతూ ఉండటం నాకు ఇప్పటికీ ఒంటికి తెలుస్తూనే ఉంటుంది. తర్వాత పట్టులంగా, అమ్మమ్మ వంకీలు, పక్కింటి వాళ్ళ దగ్గర అడిగి తెచ్చిన వడ్డాణం. రిక్షాలో వెనక్కి ఆనుకోకుండా నిటారుగా కూర్చుని స్టూడియోకి.

స్టూడియోలో ఒక నిలువుటద్దం ఉండేది. నన్ను దాని ముందు పక్కకి తిప్పి నిలబెడితే మొహం ఇటు, జడ మొత్తం అద్దంలో అటు కనపడేది. వెనక పరదా మీద రంగులతో వేసిన తోట, మెట్లు, దూరంగా ఒక చెరువు. పక్కన ఎత్తు స్టూలు మీద ప్లాస్టిక్ పూల కుండీ, కొందరికైతే టెలిఫోన్ కూడా పెట్టేవారు, వైరు ఉండదు దానికి. పెద్ద లైట్లు వెయ్యగానే మొహం వేడెక్కిపోయేది. స్టూడియో ఆయన వచ్చి రెండు వేళ్ళతో గడ్డం కొంచెం కిందకి దించి, మళ్ళీ కెమెరా దగ్గరికెళ్ళి చూసి, మళ్ళీ వచ్చి ఇంకొంచెం పక్కకి తిప్పి, "రెప్ప వెయ్యకమ్మా, రెడీ" అనేవారు. ఇప్పుడు ఆ ఫోటో చూస్తే అద్దంలో జడతో పాటు అంచున ఒక చెయ్యి కనపడుతోంది. నా లంగా కుచ్చిళ్ళు సర్ది పక్కకి తప్పుకుంటున్న అమ్మ చెయ్యి. గాజులు గుర్తుపట్టాను. చెల్లికి చూపిస్తే అది కూడా గుర్తుపట్టింది.

అమ్మ ఫోటోలు తక్కువే. ఉన్నవాటిలో అన్నిటికన్నా పెద్దది, దళసరి అట్టకి అంటించినది, డబ్బా అడుగున బట్టలో చుట్టి ఉంది. అమ్మ పెళ్ళి గ్రూపు ఫోటో.

అమ్మ పుట్టిల్లు దివిసీమలో, కోడూరు దాటి ఇంకా లోపలికి వెళ్ళాలి. పెళ్ళికి ఫోటోగ్రాఫర్ని బందరు నుంచి పిలిపించారంట, అవనిగడ్డ దాకా బస్సులో వచ్చి అక్కణ్ణించి ఎద్దుబండి మీద సామాను వేసుకుని వచ్చాడంట. మూడు కాళ్ళ స్టాండు మీద కెమెరా, మీద నల్ల ముసుగు. లెన్సు మూత తీసి ఒకటీ రెండూ మూడూ లెక్కపెట్టి మళ్ళీ మూత పెట్టేవాడంట, అంతసేపూ అందరూ ఊపిరి బిగపట్టి బొమ్మల్లా ఉండాలి. పందిరి కింద నలభై మంది దాకా ఉన్నారు ఆ ఫోటోలో. మధ్యలో కుర్చీల్లో అమ్మా నాన్నా, బాసికాలతో. చివర నిలబడి తాతయ్య. అందరి మొహాలూ స్పష్టంగా ఉన్నాయి, తాతయ్య మొహం ఒక్కటే కదిలిపోయింది. మసకగా, పక్కకి సాగినట్టు.

తాతయ్యకి వేరే ఫోటో లేదు. ఫోటో తీయించుకుంటే ఆయుష్షు తగ్గుద్దని అప్పటి పెద్దవాళ్ళకి ఒక నమ్మకం ఉండేది కదా, ముగ్గురు కలిసి దిగకూడదనీ అనేవారు. మా తాతయ్యకి అలాంటి పట్టింపు ఏం లేదంట, కానీ పొలం మనిషి, ఫోటో దిగే సందర్భం ఎక్కడొస్తుంది.

1977 నవంబరు 19, శనివారం. ఉప్పెన వచ్చిన రోజు. దివిసీమ వాళ్ళకి ఆ తేదీ చెప్తే చాలు, ఇంకేం చెప్పక్కర్లేదు. ఆ కార్తీకమాసంలో అమ్మ పురిటికని అమ్మమ్మ మా ఇంటికొచ్చింది, చెల్లి పుట్టి వారం కూడా కాలేదు. పిన్ని మా దగ్గరే ఉండి ఇంటర్ చదువుతోంది. తాతయ్యా మావయ్యా ఊళ్ళో ఉన్నారు. గుడివాడలోనే ఆ రాత్రి గాలికి పెంకులు లేచిపోయాయి, చెట్లు కూలిన చప్పుడు, కరెంటు లేదు, అమ్మమ్మ పసిపిల్లని గుండెకి హత్తుకుని మంచం మూల కూర్చునే ఉంది. తెల్లారినాక కూడా కబురు లేదు. రోడ్లన్నీ చెట్లే. నాన్నా బాబాయీ బయల్దేరి సైకిళ్ళ మీద కొంత, నడిచి కొంత ఎలాగో వెళ్ళారు. సముద్రం మనిషి ఎత్తుకి రెండు మూడింతలు లేచి ఊళ్ళ మీద పడిందని, సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి ఊళ్ళల్లో ఇళ్ళకి ఇళ్ళే లేవని ఆ తర్వాత తెలిసింది. మావయ్య రాత్రంతా తాడిచెట్టుని కావలించుకుని బతికాడు. తాతయ్య దొరకలేదు. దాదాపు 10,000 మంది పోయారని సర్కారు లెక్క, అక్కడి వాళ్ళు ఇంకా ఎక్కువే అంటారు. నాన్న అక్కడ చూసింది ఏదీ మాకు చెప్పలేదు, బతికున్నన్నాళ్ళూ చెప్పలేదు. చాన్నాళ్ళు చేపలు మాత్రం ముట్టలేదు.

ఇల్లూ వాకిలీ పశువులూ పోయిన చోట ఫోటోల సంగతి ఎవరు పట్టించుకుంటారు. ఏడాది తిరిగొచ్చేసరికి పటం కట్టించాలి, ఫోటో ఏది? అప్పుడు మా ఇంట్లో ఉన్న ఈ గ్రూపు ఫోటో గుర్తొచ్చింది. నాన్న దాన్ని స్టూడియోకి పట్టుకెళ్తే తాతయ్య మొహం ఒక్కటీ పెద్దది చేసి, మసకగా ఉన్న చోటల్లా బ్రష్షుతో, పెన్సిల్‌తో దిద్ది ఇచ్చారు. కళ్ళు దిద్దారు, మీసం దిద్దారు, భుజాన లేని ఉత్తరీయం ఒకటి వేశారు. నాన్న పటం తెచ్చి గోడకి ఆనించగానే అమ్మమ్మ చాలాసేపు చూసి "కళ్ళు ఆయనవి కావురా" అంది. ఇంకేం అనలేదు. ఆ పటానికే చివరిదాకా రోజూ బొట్టు పెట్టింది. మాకు తాతయ్యంటే ఆ పటమే. స్కూలుకెళ్ళేటప్పుడు దణ్ణం పెట్టుకునే ఆ కళ్ళు మా తాతయ్యవి కావని తెలిసే పెట్టుకునేవాళ్ళం.

ఫోటో దొరికిందని ఫోన్ చేస్తే పిన్ని మర్నాడే ఉయ్యూరు నుంచి వచ్చేసింది, బస్సు దిగి కాళ్ళు కూడా కడుక్కోకుండా "ఏదే, ఇలా ఇవ్వు" అని తీసుకుంది. అమ్మ పెళ్ళినాటికి పిన్నికి నాలుగేళ్ళు. తమ్ముడు అప్పటికే స్కాన్ చేసి ల్యాప్‌టాప్‌లో పెట్టాడు, తాతయ్య మొహం దగ్గరికి తెచ్చి పెద్దది చేసి చూపించాడు. పిన్ని కాస్త కిందకి జరపమంది. తాతయ్య చెయ్యి కూడా కదిలిపోయి ఉంది, కిందకి చాచినట్టు. ఇంకా కిందకి జరిపితే ఫోటో అంచున తెల్లగా ఏదో ముక్క. మేం మరకేమో అనుకున్నాం.

"మరక కాదే, అది నా గౌను. పందిరి అవతల మేకపిల్లని కట్టేశారు, దాని దగ్గరికి పరిగెత్తబోయాను. కదలొద్దన్నారు కదా అందరూ బిగుసుకుపోయి నుంచున్నారు, నాన్నే ఒంగి పట్టుకోబోయాడు. ఫోటో పాడైందని తర్వాత పెద్దన్నాన్న తిట్టాడు కూడా."

ఇన్నేళ్ళూ ఈ సంగతి పిన్నికి తెలుసు, మేం అడగలేదు గనక తను చెప్పలేదు. నాకిప్పుడు ఆ మసక మొహమే కావాలనిపిస్తోంది, గోడ మీద పటం కన్నా. కూతురు ఎక్కడ పడిపోతుందోనని ఫోటో సంగతి మర్చిపోయి ఒంగిన మనిషి ఆయన. దిద్దిన పటం తియ్యం, దానికి అమ్మమ్మ పెట్టిన బొట్టు మరక అద్దం మీద ఇంకా ఉంది. పక్కన ఇది కూడా పెడతాం.

ఆ తర్వాత జరిగిందే అసలు సంగతి. పిన్ని తాతయ్య దగ్గర ఆగలేదు. వేలు ఒక్కొక్కరి మీద పెట్టుకుంటూ పోయింది. వీళ్ళు మన పక్కింటోళ్ళు. ఈయన సన్నాయి ఊదినాయన. ఈమె మాకు వరసకి వదినవుద్ది, బూరెలు ఈమే వండింది. ఇతను ఉప్పెనలో పోయాడు. ఈమె పోయింది. వీళ్ళిద్దరూ అన్నదమ్ములు, ఇద్దరూ పోయారు, వీళ్ళింట్లో ఒక్క పిల్లోడు మిగిలాడు. చెల్లి లేచి వెళ్ళి కాగితం తెచ్చింది. ఫోటో పెద్ద ప్రింటు తీయించి, ఒక్కో తల మీద పెన్సిల్‌తో నెంబరు వేసి, పక్కన పేరు, ఎవరి తాలూకు, ఇప్పుడు వాళ్ళ మనుషులు ఎక్కడున్నారు, పిన్ని చెప్పిందల్లా రాసుకున్నాం. పాత ఫోటోల వెనక బాల్ పెన్నుతో రాయకండి, ముందు వైపుకి అచ్చు పడుతుంది, మెత్తటి పెన్సిలే వాడండి. పటం అద్దానికి అతుక్కుపోయిన ఫోటోలుంటే పీకకండి, బొమ్మ పైపొర అద్దానికే ఉండిపోతుంది, అద్దంతో సహా అలాగే స్కాన్ చేయించండి. తమ్ముడి పెళ్ళి కలర్ ఫోటోలు ఎర్రబారిపోయాయి గానీ, వాటికన్నా ఎంతో పాతదైన ఈ నలుపు తెలుపు ఫోటో మాత్రం నిలబడింది. అందులో వెండి ఉంటుంది, రంగుల ఫోటోల్లో ఉండేవి చెదిరిపోయే రంగులు.

రెండో వరసలో పద్నాలుగేళ్ళ పిల్ల ఒకతి ఉంది, రెండు జడలు, చేతిలో పన్నీరు బుడ్డి. పిన్ని వేలు అక్కడ ఆగింది. ఈ పిల్లకి తర్వాత ఊళ్ళోనే పెళ్ళయింది, ఉప్పెనలో మొగుడూ తనూ పోయారు, మూడేళ్ళ కూతురు మాత్రం బంధువులింట్లో ఉండి బతికింది, ఇప్పుడు బందరులో ఉంటోంది, "దానికి వాళ్ళమ్మ మొహం తెలీదే" అంది పిన్ని.

నెంబరు సంపాదించడానికి రెండు మూడు ఇళ్ళకి ఫోన్లు చెయ్యాల్సొచ్చింది. ఫోటో పంపి ఊరుకోలేకపోయాం, ముందు పిన్ని మాట్లాడింది, నువ్వు ఫలానా వాళ్ళ అమ్మాయివే కదా, మీ అమ్మ ఫోటో ఒకటి మా అక్క పెళ్ళిదాంట్లో ఉందమ్మా, పంపమంటావా అని. అవతల చాలాసేపు మాట లేదు. తర్వాత పంపమంది. సాయంత్రం తనే చేసింది ఫోను. ఆమెకి ఇద్దరు ఆడపిల్లలు, చిన్నదాని పెళ్ళి మొన్న వైశాఖంలో చేశారంట. "అక్కా, మా చిన్నమ్మాయి అచ్చం ఇట్టాగే ఉంటది, ఆ నుదురు, ఆ నిలబడటం. ఎవరి పోలికో తెలీక మా అత్తగారి వైపు అనుకునేవాళ్ళం" అంది. తన తల్లి ఫోటో తను చూడటం అదే మొదటిసారి. తల్లి వయసు అందులో తన కూతురి కన్నా తక్కువ. ఇంకా చాలా అడిగింది పిన్నిని, గొంతు ఎలా ఉండేది, ఎత్తా, పాటలు పాడేదా అని. ఆ రోజు ఆ లంగా ఏం రంగు అని అడిగింది. పిన్ని ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా, ఆకుపచ్చ, ఎర్రంచు, మా అక్క పెళ్ళికని మా అమ్మే కొనిపెట్టింది అంది.

నేను ఫోన్ పెట్టేసి బాల్కనీలోకెళ్ళి నిలబడ్డాను కాసేపు. మా పెళ్ళి ఫోటో, మా అమ్మ, మా తాతయ్య అని చూసుకుంటున్నాం ఇన్నాళ్ళూ. మా డబ్బాలో ఉన్నది ఇంకొకళ్ళకి ఉన్న ఒకే ఒక్క ఫోటో అని అనుకోలేదు. ఉప్పెన్లో ఆల్బమ్‌లు పోయినవాళ్ళు సరే, అసలు జీవితంలో ఫోటో దిగనివాళ్ళు ఎంతమందో, ఎవరి పెళ్ళి పందిట్లోనో, ఏ స్కూలు వార్షికోత్సవంలోనో వెనక వరసలో నిలబడి ఉంటారు వాళ్ళు. వాళ్ళ పిల్లలకి ఆ సంగతి తెలీదు. తెలిసిన పిన్నిలూ మావయ్యలూ పెద్దవాళ్ళయిపోతున్నారు. మీ ఇంట్లో అలాంటి గ్రూపు ఫోటో ఉంటే దయచేసి ఈ పండక్కే బయటకి తియ్యండి, పెద్దవాళ్ళని పక్కన కూర్చోబెట్టుకోండి, మీ వాళ్ళ పేర్లతో ఆపకండి, అందరి పేర్లూ అడగండి.

బందరు ఆమె ఫోటో తన వాళ్ళకి పంపినట్టుంది, ఆ వారంలోనే నాగాయలంక నుంచి ఒకాయన చేశాడు, మా తాత సన్నాయి వాయించేవాడంట, అందులో ఉన్నాడని విన్నాను అని. ఉన్నాడు, ఎడమ చివర, సన్నాయి చంకలో పెట్టుకుని. పెద్దది చేసి పంపాం. ఇంకో ఇద్దరు ముగ్గురు అడిగారు, కానీ వాళ్ళడిగినవాళ్ళు ఫోటోలో లేరు. లేరని చెప్పడం కష్టంగానే ఉంది.

ఇంకా తొమ్మిది మంది ఎవరో పిన్నికి కూడా తెలీలేదు, అప్పటికి మరీ చిన్నపిల్ల కదా. మావయ్యకి తెలుస్తుంది. అవనిగడ్డలో ఉంటున్నాడు, ఎనభై దాటాయి, మొన్ననే కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది. ఇంకో పది రోజులు కళ్ళకి శ్రమ పెట్టొద్దన్నారంట డాక్టరుగారు. ఆ పది రోజులూ అవ్వగానే తమ్ముడూ నేనూ పిన్నీ వెళ్తున్నాం, ఈసారి ప్రింటు ఇంకా పెద్దది తీయించాం, కేలండరంత.